పదిమంది కూడితేనే మూత తీసేది

ఆ ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు టీకాలు వేసే సిస్టర్‌కి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, జీతం రోజున తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ఎదురుగా ఉంటే సిస్టరమ్మ, వీపు తిప్పితే పిసినారి సిస్టర్. ఆ రెండో పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఎవరినీ కోప్పడలేదు. కోప్పడాలన్నా కాస్త ఓపిక ఖర్చవుతుంది, ఆమె దాన్ని కూడా దాచుకునే మనిషి.

సబ్బు అరిగి గోరంత అయినా పారెయ్యదు, కొత్త సబ్బు వీపుకి అతికిస్తుంది. క్యాలెండర్‌లో నెల గడిచిపోతే ఆ కాగితం వెనక్కి తిప్పి చీటీలు రాస్తుంది. టీకాల గదిలో ఫ్యాను పిల్లలు వస్తేనే తిరుగుతుంది. గది ఊడ్చే ఆయా ఒకసారి ఉక్కపోతతో చస్తున్నానమ్మా అని మొత్తుకుంటే, "గుమ్మంలో నిలబడు, అక్కడ గాలి ఊరికే వస్తుంది" అని చెప్పింది. సూది దగ్గర మాత్రం ఈ పప్పులేవీ ఉడకవు. బిడ్డకో కొత్త సూది, వాడింది వాడినట్టే డబ్బాలో పడాలి. అక్కడ ఒక్కచోటే ఆమె చెయ్యి ధారాళం.

ఆమె పిసినారితనమంతా పోగై కూర్చున్నది తట్టు టీకా సీసాలో. బొటనవేలంత సీసా, అడుగున చిటికెడు పొడి. దానితోపాటు వచ్చే నీళ్ల మందు కలిపితే పదిమంది పిల్లలకు సరిపోతుంది. కలిపాక నాలుగు గంటలే దాని ఆయుష్షు. ఆ తర్వాత ఎంత మిగిలినా పారెయ్యాల్సిందే. ఒక్క బిడ్డ వచ్చిందని మూత తీస్తే మిగతా తొమ్మిది మోతాదులూ చెత్తడబ్బా పాలవుతాయి. అందుకని సిస్టర్ ఒక పద్ధతి పెట్టుకుంది. పదిమంది కూడితేనే మూత తీసేది.

అలాగని వచ్చిన తల్లిని వెనక్కి పంపేది కాదు. బల్ల మీద కూర్చోబెట్టి, "కదిలావంటే ఊరుకోను తల్లీ, ఇప్పుడే వస్తా" అని, మిగతా తొమ్మిది మంది కోసం వీధి మీద పడేది. ఎవరింట్లో ఎవరు నెల తప్పారో, ఎవరి బిడ్డకు పళ్లొస్తున్నాయో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్లకే తెలియదు. స్నానం చేయిస్తున్న బిడ్డను సబ్బు నురగతో సహా ఎత్తుకొచ్చిన రోజులున్నాయి. ఒక ముసలమ్మ మనవణ్ణి బీరువాలో దాచిపెట్టి, వాడు వాళ్లమ్మతో ఊరెళ్లాడని చెప్పింది. "మరి మీ బీరువాకి ఎక్కిళ్లొస్తున్నాయేంటి పిన్నీ?" అని సిస్టర్ తలుపు తీసింది. అప్పటికే కూర్చున్న తల్లులు గంటల తరబడి అలాగే కూర్చునేవారు. లేచి వెళ్లిపోయే ధైర్యం ఎవరికీ లేదు. రేపు దారిలో ఆమె కనిపిస్తే ఏం సమాధానం చెప్పాలి?

ఇలా చుట్టుపక్కల వీధులన్నీ గాలించి గాలించి ఆమె తన కేంద్రంలో టీకా వృథాని సున్నాకి దించింది. పై అధికారులు ఏటా ఒక షీల్డు ఇచ్చేవారు. అవన్నీ ఇంట్లో ఫ్రిజ్ మీద వరసగా నిలబడ్డాయి. వాటి మీద దుమ్ము దులపడానికి ఆమె కొత్త గుడ్డ వాడేది. ఆ ఇంట్లో కొత్త గుడ్డ దక్కింది వాటికే.

ఆమె మొగుడు షేర్ ఆటో నడుపుతాడు. ఆయనదీ అదే మతం. బండి నిండందే కదలడు. వెనక సీటు నిండి, ముందు తనకు అటొకరు ఇటొకరు ఇరుక్కుని, ఎవరి మోకాలు ఎవరిదో తెలియని స్థితి వచ్చాక కూడా "ఇంకొక్కరు, ఒక్కరంటే ఒక్కరు" అని కేకలు పెడుతూనే ఉంటాడు. వీళ్లిద్దరినీ విడివిడిగా చేసుకోవాల్సిన మరో ఇద్దరు బతికిపోయారని చుట్టాలు అనుకునేవారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆమెకు ఈ జబ్బు ఊరికే పట్టుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడాది పైనుంచి టీకాలు రావడం ఆగిపోయింది. ఎందుకాగిందో చెప్పిన నాథుడు లేడు. వరస కట్టిన తల్లులకు రేపు రండి, ఎల్లుండి రండి అని నెలల తరబడి చెప్పింది. ఆ చలికాలంలోనే తట్టు వచ్చింది. ఆమె తిప్పి పంపిన వాళ్లలో ఒక పిల్ల బతికింది గానీ కళ్లు పోయాయి. ఆ పిల్ల తల్లి పోట్లాడి ఉంటే సిస్టర్ తట్టుకునేది. ఆమె పోట్లాడలేదు, పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చి, మీ తప్పేముందమ్మా అని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మందు చుక్క నేలపాలవుతుంటే చూడ్డం సిస్టర్ వల్ల కాలేదు. దానికి లోకం పిసినారితనమని పేరు పెట్టింది, ఆమె కాదనలేదు.

ఇదిలా ఉండగా ప్రధాన కార్యాలయం నుంచి ఒక సారు దిగాడు. దేశమంతా పిల్లల టీకాల మీద పెట్టే ఖర్చెంత, దానివల్ల కలిసొచ్చేదెంత అని లెక్కలు కట్టడం ఆయన పని. అందుకని వచ్చిన గంటలోనే ఆయా ఆయనకి ఖర్చుల సారు అని నామకరణం చేసేసింది. నడుము కంటే బెల్టు పొడుగు, మనిషి కంటే సంచీ బరువు. టీ తాగుతూ సగం కాగితాల మీద ఒలకబోసుకున్నాడు. సిస్టర్ ఒలికిన టీ వంక జాలిగా చూసింది.

"మీ దగ్గర తట్టు టీకా వృథా సున్నా అని చూశానమ్మా," అన్నాడు.

"అవును సార్," అంది సిస్టర్, షీల్డు చేతికే ఇస్తాడేమోనని రెండు చేతులూ చీరకు తుడుచుకుంటూ.

"చూసి భయమేసి వచ్చాను."

సిస్టర్ తెల్లమొహం వేసింది. సారు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. "ఒక్క బిడ్డ కోసం సీసా తెరిచి తొమ్మిది మోతాదులు పారబోశారనుకోండి. దాని ఖరీదు ఒక పక్కన పెట్టండి. తట్టు వచ్చిన బిడ్డకు మంచం, సెలైను, మందులు, ఆయాసం వస్తే ఆక్సిజన్, పని మానుకుని పక్కన కూర్చున్న తండ్రి పోగొట్టుకున్న కూలి, ఇవన్నీ ఇంకో పక్కన పెట్టండి. ఏది బరువు?"

"బరువులు కూరగాయల కొట్టులో చూసుకుందాం సార్. మీ ఇంట్లో కుండెడు అన్నం వండి, ఒక్క ముద్ద తిని, మిగతాది కాలవలో పోస్తారా?"

"ఆకలేసింది నా బిడ్డ ఒక్కడికే అయితే పోస్తానమ్మా. వాణ్ణి తొమ్మిదిమంది వచ్చేదాకా కూర్చోమనను."

ఆయాకి నవ్వొచ్చింది. సిస్టర్ చూసిన చూపుకి ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"నేను ఎవర్నీ తిప్పి పంపలేదు సార్. కూర్చోబెట్టి, మిగతావాళ్లని తెచ్చి వేస్తా. అడగండి ఎవర్నైనా."

"కూర్చున్నవాళ్లకి వేస్తారు, నాకు తెలుసు. కూర్చోలేనివాళ్ల సంగతేంటి? వాళ్లు మీ లెక్కలోనూ ఉండరు, నా లెక్కలోనూ ఉండరు. ఆ బిడ్డ మళ్లీ మనకి కనపడేది ఏ ఆస్పత్రి మంచం మీదో. మీరు తెరవండమ్మా, ఒక్కరొచ్చినా తెరవండి. వృథా ఎందుకైందని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

సిస్టర్ సరేనంది. సరే అంటే ఆయన తొందరగా వెళ్లిపోతాడని అంది. ఆ రాత్రి అన్నం దగ్గర మొగుడితో, "చదువు ఎక్కువైతే మనిషి ఇలాగే అయిపోతాడు" అని వాపోయింది. "ఒక్కడి కోసం బండి తీస్తే ఆయిలు ఎవడి బాబు పోస్తాడు?" అని మొగుడు ఆమెను సమర్థించాడు. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలవని ఆ ఇద్దరూ ఆ పూట చిలకాగోరింకల్లా భోంచేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం గది మూసే వేళకి ఒకామె వచ్చింది. చీర మీద మగవాళ్ల చొక్కా, పాదాలకు ఎండిపోయిన సిమెంటు, చంకలో ఏడాది పిల్ల. ఆ పిల్ల తల్లి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"పాపకి సూది వేయించాలమ్మా. తట్టుదంట. మా పక్క రేకుల షెడ్డులో ఆవిడ చెప్పింది."

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

"ఇటుకలు మోస్తున్నా."

ఆ తల్లి చెప్పుకుపోయింది. "ఇక్కడ పని అయిపోయిందమ్మా. సాయంత్రం లారీ వస్తుంది, అందర్నీ వేరే చోటికి తీసుకెళ్తారు. మళ్లీ ఇటు రాం. అందుకే అడుగుదామని వచ్చా."

"లారీ వచ్చేలోపు అయిపోతుందిలే. కూర్చో. కదిలావంటే ఊరుకోను," అని సిస్టర్ చెప్పులేసుకుంది.

మొదటి ఇంట్లోనే చుక్కెదురైంది. "మా వాడికి మొన్ననేగా వేశారక్కా. ఇంకా భుజం పట్టుకుని మిమ్మల్నే తిడుతున్నాడు" అంది ఆ ఇల్లాలు. రెండో ఇంట్లో కవలలు, ఇద్దరికీ అయిపోయింది. బీరువా ముసలమ్మ తానే ఎదురొచ్చి తలుపులు బార్లా తెరిచి చూపించింది. ఒకింట్లో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ప్రాణం లేచొచ్చి లోపలికి దూరింది. "ఎన్ని నెలలు?" అంటే, "నిన్న పుట్టాడు సిస్టరమ్మా" అన్నారు. "అయితే పెరగనీ" అని బయటపడింది. వీధి చివరిదాకా వెళ్లింది, పక్క వీధికి మళ్లింది, దాని పక్క వీధినీ చుట్టింది. తన సూది గుచ్చుకోని బిడ్డ ఒక్కరూ మిగల్లేదు. ఇంకోరోజైతే దీనికి పొంగిపోయేది. ఆ సాయంత్రం మాత్రం ఇంకా పిల్లల్ని కనకుండా తిరుగుతున్న కొత్త దంపతుల మీద కూడా ఆమెకు ఒళ్లు మండింది.

కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"లారీ హారన్ కొట్టిందమ్మా," అంది ఆయా. "రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది. మీరు కదలొద్దన్నారుగా. మూడోసారి కొట్టేసరికి వాళ్లాయన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. సిస్టరమ్మ అరుస్తుందేమో, నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పమంది."

సిస్టర్ బల్ల మీద కూలబడింది. సీసా ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది. చిటికెడు పొడి కూడా వృథా కాలేదు. ఈ నెలా సున్నాయే, షీల్డు ఎక్కడికీ పోదు. ఆ గుండీ చీకే పిల్ల వచ్చినట్టు గానీ వెళ్లినట్టు గానీ ఎక్కడా ఉండదు. కూర్చోలేనివాళ్ల సంగతేంటి అని అడిగిన ఖర్చుల సారు మీద ముందు కోపమొచ్చింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చిన ఆ పాత పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు మందు లేక వెయ్యలేదు. ఇప్పుడు మందు పెట్టుకుని వెయ్యలేదు. ఇప్పటిదానికి మీ తప్పేముందమ్మా అని ఎవరూ అనరు, అన్నా తను నమ్మదు.

లేచి ఫ్రిజ్ తెరిచింది. తట్టు టీకా అందులో రెండు సీసాలే ఉన్నాయి, మిగతా సరుకంతా డాక్టరమ్మ తాళం వేసుకునే పెద్ద ఫ్రిజ్‌లో ఉంటుంది. ఒక సీసా, దాని నీళ్ల మందు, సూదుల పొట్లం తీసి ఐసు పెట్టెలో సర్దుకుంది. రెండోది కూడా తీయబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎంత పశ్చాత్తాపం వచ్చినా పాత బుద్ధి ఒక్క పూటలో పోదు కదా.

లారీ ఎటు పోయిందో పని జరిగిన చోట కాపలావాడు చెప్పాడు. బైపాస్ దాటాక కొత్త గోడౌన్లు కడుతున్నారు, అక్కడికి. సిస్టర్ అక్కణ్ణుంచి తిన్నగా ఆటో స్టాండుకి వెళ్లింది. మొగుడి బండి ముప్పాతిక నిండి ఉంది. ఆయన "ఇంకొక్కరు" అని గొంతు చించుకుంటున్నాడు.

"అందరూ దిగండి," అంది సిస్టర్.

జనం ఆయన వంక చూశారు, ఆయన ఆమె వంక చూశాడు. ఆమెను ఎరిగున్న ఇద్దరు మారుమాట్లాడకుండా దిగిపోయారు. మిగతావాళ్లు గొణుక్కుంటూ దిగారు.

"ఎంతమంది ఎక్కుతున్నారే?" అన్నాడు మొగుడు ఆశగా.

"నేనొక్కదాన్నే. బైపాస్ అవతలికి పోనీ."

ఆయన ఏదో అనబోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె కళ్లలో నీళ్లు చూసింది తక్కువ, అవి కూడా ఉల్లిపాయలవి. నోరు మూసుకుని బండి తీశాడు. దారిపొడుగునా చెయ్యెత్తిన జనం కోసం ఆయన కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్లేది, వెనకనుంచి ఆమె వీపు మీద పొడిచేది. అలా చెయ్యెత్తిన ప్రతి ఒక్కరికీ ఒక బ్రేకు, ఒక పోటు, బైపాస్ దాటేసరికి పొద్దు వాలుతోంది.

గోడౌన్ల వెనక రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. లారీలోంచి సామాను ఇంకా దించుతున్నారు. ఆ తల్లి గిన్నెల మూట నెత్తి మీద పెట్టుకుని, సిస్టర్‌ని చూసి కొయ్యబారిపోయింది. వెంటనే మూట దించి ముడి విప్పసాగింది.

"నేనేం తీయలేదమ్మా. కావాలంటే చూసుకోండి, మావి తప్ప ఏం లేవు."

"నువ్వేం తీయలేదు తల్లీ," అంది సిస్టర్. "నేనే ఇవ్వలేదు. పాపని ఇలా పట్టుకో."

సిమెంటు బస్తా మీద ఐసు పెట్టె పెట్టి, సీసా మూత తీసింది. నీళ్ల మందు కలిపింది. పిల్ల చేతికి సూది గుచ్చేసరికి నోట్లో గుండీ వదిలేసి ఆ ప్రాంతమంతా వినపడేలా ఏడుపు లంకించుకుంది. సిస్టర్‌కి ఆ ఏడుపు చల్లగా తాకింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు ఊపిరి వదిలింది.

"అయిందిగా. ఇక మిగతాది పారబొయ్యి, పోదాం," అన్నాడు మొగుడు, తానూ ఖాళీ బండితో వచ్చినవాడు కాబట్టి ఇంత ఉదారంగా.

పారబోద్దామనే సీసా పట్టుకుంది. కానీ నోరు ఊరుకుంటుందా, అలవాటు కొద్దీ అడిగింది. "ఇక్కడ ఇంకెవరికైనా పిల్లలున్నారా, తట్టు సూది వేయించుకోనివాళ్లు?"

ఆ తల్లి అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "మాకెవరేస్తారమ్మా? ఒకచోట ఉంటేగా," అని షెడ్ల వైపు తిరిగి కేకేసింది.

పిల్లలు రావడం మొదలుపెట్టారు. చంకల్లో కొందరు, కొంగులు పట్టుకుని కొందరు, ఇసక కుప్ప మీంచి జారుకుంటూ కొందరు. మొదట సిస్టర్ మొహం వెలిగిపోయింది. తొమ్మిదిమంది దొరికారు, ఒక్క చుక్క నేలపాలు కాదు. వరసగా గుచ్చుకుంటూ పోయింది. మొగుడు జబ్బలు పట్టుకుంటూ, ఆటోలోకి ఎక్కించే ఊపులో "జరగండి, జరగండి, ముందుకు జరగండి" అని అరుస్తూ సాయం చేశాడు. పదో బిడ్డతో సీసా అయిపోయింది.

సిస్టర్ తలెత్తి చూసింది. వరస షెడ్డు మలుపు దాటి అవతలికి పోయింది. ఇంకా వస్తున్నారు. ఫ్రిజ్‌లో తాను వదిలేసి వచ్చిన రెండో సీసా కళ్లముందు కదిలింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఇంతకాలం తన వీధుల్లో ఒక్క బిడ్డా మిగల్లేదని పొంగిపోయింది. మిగిలినవాళ్లంతా ఇక్కడున్నారు. ఎప్పుడూ ఏదో ఒక లారీ మీదే ఉన్నారు.

"ఇవాళ్టికి ఇంతే. రేపు వస్తాలే," అంది. వరసలో తల్లులు తలూపారు. ఆ మాట ఎన్నోసార్లు విని, ఎన్నోసార్లు తలూపినవాళ్ల తలూపు అది. ఇద్దరు ముగ్గురు పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు కూడా.

సిస్టర్ మొగుడి చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. "నువ్వెళ్లి డాక్టరమ్మని పట్టుకో. తాళం తీయించి, మందు ఇంకో ఐసు పెట్టెలో పెట్టించుకుని, ఆవిడ్ని కూడా ఎక్కించుకుని రా. నేనిక్కడే ఉంటా. నేను కనిపిస్తుంటేనే వీళ్లు నమ్ముతారు."

"ఎన్ని సీసాలు తెమ్మంటావు?"

"ఉన్నవన్నీ."

"ఖాళీ బండితో వెళ్లాలి, మిగిలిపోతే మళ్లీ నామీద పడకు. ఎంతమందున్నారో చూసి చెప్పు, సరిగ్గా లెక్క కట్టి…"

"లెక్క కట్టకు. వెళ్లు."

బండి వెళ్లిపోయింది. సిస్టర్ వెనక్కి తిరిగేసరికి, పదో బిడ్డ తర్వాత నిలబడ్డ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఐదారేళ్లుంటాయి. గౌను చెయ్యి భుజందాకా మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని, జబ్బ ముందుకు పెట్టి నిలబడింది.

"మందు రావడానికి టైం పడుతుందమ్మా. ఆ చెయ్యి దించుకో, చలేస్తుంది," అంది సిస్టర్.

ఆ పిల్ల ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. "దించితే మీరు వెళ్లిపోతారు," అంది.

సిస్టర్ ఆ పిల్ల పక్కనే సిమెంటు బస్తా మీద కూర్చుంది.